రేకుల గదిలో ఉడికిన రబ్బరు

రబ్బరు సంగతి ఎత్తితే నాకు నోరు ఆగదు. నరసరావుపేటలో నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీ పిల్లలకు ఈ విషయం బాగా తెలుసు. ఏదైనా కష్టమైన పాఠం తప్పించుకోవాలనుకుంటే ముందు బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, టైరు నల్లగా ఎందుకుంటుంది?" అని అడుగుతుంది. ఇక గంట కొట్టేదాకా నేను టైరు దిగను. వాళ్ళ ఎత్తు నాకు తెలియక కాదు. తెలిసే పడతాను, ఎందుకంటే నాకూ అదే కావాలి.

నేను పెరిగిందే టైర్ల మధ్య. రెంటచింతలలో మాచర్ల రోడ్డు పక్కన మా అమ్మకు టైర్లు రీబటన్ చేసే షాపు ఉంది. అది మా తాతది. తాతకు ఇద్దరూ ఆడపిల్లలే. ఆస్తి పంచేటప్పుడు అమ్మ పొలం వద్దు, షాపు కావాలందట. ఊళ్ళో అందరూ నవ్వారట. పొలం తీసుకున్న పెద్దమ్మ కూడా నవ్విందట. మా నాన్న బస్సు కండక్టరు, మాచర్ల డిపోలో. "నేను టైర్ల మీద తిరిగి తిరిగి ఇంటికొస్తే ఇక్కడా టైర్లే" అని ఆయన గోల. ఆ షాపులో సొల్యూషన్ వాసన, కాలిన రబ్బరు వాసన పీల్చి పెరిగాను కాబట్టి నాకు మల్లెపూల కన్నా అవే ఇష్టం. ఈ మాట అన్నందుకు పెళ్ళిచూపుల్లో ఒక సంబంధం తప్పిపోయింది, మంచిదే అయింది.

రీబటన్ అంటే తెలియనివాళ్ళకు రెండు మాటల్లో చెబుతాను. టైరు పైన గళ్ళుగళ్ళుగా పైకి లేచి ఉండే రబ్బరును మా వైపు బటన్లు అంటారు. అవి అరిగిపోతే టైరు గుండు అయిందంటారు. గుండు అయిన టైరును పారేయరు. మిషను మీద గీకి గరుకు చేసి, దాని మీద సొల్యూషన్ అనే రబ్బరు జిగురు పూస్తారు. ఆపైన అట్టలా పలుచగా ఉండే పచ్చి రబ్బరు పరుస్తారు. దాన్ని మేం గమ్ము అంటాం. గమ్ము మీద బటన్లున్న కొత్త పట్టీ చుట్టి, మొత్తం టైరును ఆవిరిపెట్టె లాంటి ఛాంబర్‌లో పెట్టి గంటల తరబడి ఉడికిస్తారు. ఆ వేడికి మధ్యనున్న గమ్ము ఉడికి, పాత టైరునూ కొత్త పట్టీనీ ఒకటి చేస్తుంది. కిటుకంతా గమ్ములోనే ఉంది. పచ్చిపిండి చేతికి అంటుకుంటుంది, కాలిన రొట్టె అంటుకోదు. గమ్ము కూడా అంతే. ఛాంబర్‌లోకి వెళ్ళేదాకా అది పచ్చిగానే ఉండాలి.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకు వచ్చిన వేసవి సంగతి. ఆ ఏడు మాకు పాలిమర్లు అనే పాఠం ఉంది. అందులో రబ్బరు గురించి ఒక అధ్యాయం. నేను దాన్ని చదవలేదు, మింగాను. లైబ్రరీలో ఆ విషయం మీద ఉన్న పుస్తకాలన్నీ తెచ్చుకుని, రాత్రంతా హాస్టల్ గదిలో పక్కమంచం పిల్లను లేపి లేపి చెప్పాను. చిన్నప్పటి నుంచి చేతులతో పట్టుకుని తిరిగిన వస్తువుకు ఇంత కథ ఉందని నాకెవరూ చెప్పలేదే అని ఒకటే ఉక్రోషం, ఒకటే సంబరం.

ఇంటికి రాగానే అమ్మను కూర్చోబెట్టాను. అంటే, అమ్మ టైరుకు సొల్యూషన్ పూస్తుంటే నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.

"దక్షిణ అమెరికా అడవుల్లో ఒక చెట్టుందమ్మా. దాని బెరడు మీద కత్తితో గాటు పెడితే పాలు కారతాయి, మన జిల్లేడు పాలల్లే. ఆ అడవి జనం ఎప్పటినుంచో ఆ పాలను పొగ మీద గట్టిపరిచి బంతులు చేసుకుని ఆడుకునేవాళ్ళు. తెల్లోళ్ళు ఓడలేసుకుని పోయి చూసి నోళ్ళు తెరిచారు. నేలకేసి కొడితే మళ్ళీ పైకి లేచే వస్తువును వాళ్ళ జన్మలో చూళ్ళేదు!"

"అయితే బంతాట మనకు నేర్పింది అడవోళ్ళంటావు" అంది అమ్మ, బ్రష్షు ఆపకుండా.

"వింటావా? ఆ రబ్బరుతో వాళ్ళు మొదట్లో పెన్సిలు గీతలు చెరుపుకున్నారు. తర్వాత వాన కోట్లు కుట్టుకున్నారు. ఎండాకాలం వచ్చేసరికి కోట్లు కరిగి జిగటై కంపు కొట్టాయి. చలికాలంలో పెళుసై విరిగాయి. కొన్నవాళ్ళు తిట్టిపోశారు. ఇక రబ్బరు పనైపోయిందనుకున్నారు. అప్పుడు అమెరికాలో ఒకాయన, అప్పులపాలై, ఇంట్లో గిన్నెలు కూడా అమ్ముకుని, ఏళ్ళ తరబడి వంటింట్లోనే రబ్బరు పిసుకుతూ కూర్చున్నాడు. ఒకరోజు గంధకం కలిపిన రబ్బరు ముక్క వేడి పొయ్యి మీద పడింది. కరిగిపోవాలి కదా? కరగలేదు! గట్టిపడింది. లాగితే సాగింది, వదిలితే మళ్ళీ వెనక్కి పోయింది. ఎండకు కరగదు, చలికి విరగదు. ఇవాళ మన ఛాంబర్‌లో జరిగేది అదేనమ్మా. ఆ పొయ్యి మీద జరిగిందే!"

అమ్మ బ్రష్షు పక్కన పెట్టి నా వంక చూసింది. "ఆయనెవరో పొయ్యి మీద పడేస్తే గొప్పోడయ్యాడు. నేను పడేస్తే అన్నం మాడ్చావంటాడు మీ నాయన."

నేను ఆగలేదు. చెట్టు గింజల్ని ఆ అడవుల నుంచి ఓడలో ఇంగ్లండుకు తరలించి, అక్కడ మొలకెత్తించి, సింహళానికీ మలయాకూ పంపి ఎలా తోటలు పెట్టారో చెప్పాను. మన కేరళ కొండల మీది తోటలకు మూలం అదేనని చెప్పాను. రబ్బరు కోసం ఆఫ్రికాలో కాంగో అడవుల్లో ఒక రాజుగారి మనుషులు తక్కువ పాలు తెచ్చిన కూలివాళ్ళ ఊళ్ళ మీద పడి చేతులు నరికించారని చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు తగ్గింది. అమ్మ శిలువ గుర్తు వేసుకుని, "ఓరి దేవుడా, ఈ టైరుకింత నెత్తురంటిందా" అంది.

ఆ తర్వాత యుద్ధం. రెండో ప్రపంచయుద్ధంలో జపాను వాళ్ళు మలయాను పట్టుకునేసరికి రబ్బరు తోటలన్నీ వాళ్ళ చేతిలోకి పోయాయి. ఇటు సైన్యాలకు టైర్లు లేవు, విమానాలకు చక్రాలు లేవు. జర్మనీవాళ్ళు అంతకు ముందే బొగ్గు నుంచి, సున్నం నుంచి కృత్రిమ రబ్బరు వండటం మొదలుపెట్టారు. అమెరికావాళ్ళు పెట్రోలు నుంచీ, ధాన్యం కాచి తీసిన సారా నుంచీ వండారు. "సారాయి నుంచి టైరమ్మా! నమ్ముతావా?" అని నేను లేచి నిలబడ్డాను. చెట్టు తన కడుపులో చేసే పనిని మనుషులు డ్రమ్ముల్లో చేశారు. చిన్న చిన్న అణువుల్ని గొలుసులా ఒకదానికొకటి తగిలిస్తూ పోతే రబ్బరు వచ్చింది. అప్పటినుంచి రెండు రబ్బర్లూ కలిసే బతుకుతున్నాయి. కారు టైర్లలో చేసిన రబ్బరు ఎక్కువ. బరువు మోసే లారీ టైర్లలో చెట్టు రబ్బరు ఎక్కువ, ఎందుకంటే పరుగులో అది తక్కువ వేడెక్కుతుంది.

ఇది విని అమ్మ ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "లారీ టైరు ముక్క కాల్తే ఒక వాసన, కారు టైరు కాల్తే ఒక వాసన. మా నాయన నా చిన్నప్పుడే చెప్పాడు" అని మళ్ళీ బ్రష్షు తీసుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత చదివి వచ్చి చెబితే ముక్కుతో కొట్టిపారేసింది.

ఆ మంటలోనే నా కన్ను గమ్ము గది మీద పడింది. షాపు వెనక తాత కట్టించిన నాపరాళ్ళ గోడల మట్టిమిద్దె ఉంది. గమ్ము చుట్టలు ఎప్పుడూ అందులోనే ఉండేవి. వేసవిలో అమ్మ కిటికీకి తడి గోతాం కట్టి, రోజుకు నాలుగుసార్లు దాని మీద చెంబెడు నీళ్ళు చల్లేది. ఆ తడి గోతాం చూడగానే నా చదువంతా తిరగబడింది. గమ్ముకు తేమ తగిలితే టైరు పట్టదు. అది పుస్తకంలోనూ ఉంది, చుట్టల మీది కాగితంలోనూ ఉంది. పొడిగా, చల్లగా, చీకటిగా ఉంచమని ముద్రించి ఉంటుంది.

"చుట్టకు పాలిథీన్ కవరుందిలేవే. తడెక్కడా తగలదు" అంది అమ్మ.

"సైన్సు ప్రకారం తప్పమ్మా."

"సరేలే, నీ సైన్సుని చల్లగా పడుకోబెట్టు" అని అమ్మ వెళ్ళిపోయింది. ఆ మర్నాడే నరసరావుపేటలో అమ్మమ్మకు కంటి ఆపరేషను. అమ్మ పదిరోజులు అక్కడే ఉండాలి. షాపు నా చేతికి వచ్చింది. టైర్లు మోయడానికి, గీకడానికి ఒక మేస్త్రి ఉన్నాడు. గమ్ము వెయ్యడం, ఛాంబర్ చూసుకోవడం నా పని. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పని చేసేదాన్నే కాబట్టి అమ్మ ధైర్యంగానే వెళ్ళింది.

అమ్మ బస్సెక్కిన గంటకు గమ్ము చుట్టలన్నీ మోసుకెళ్ళి షాపు పక్కన అంతకు ముందేడు వేసిన రేకుల గదిలో పెట్టాను. తడి చుక్క లేని గది. గోడలకు సున్నం, నేలకు సిమెంటు. ఇనుప బీరువా లాంటి అరలు. చుట్టల మీద తేదీలు రాసి అంటించాను, వరసగా సర్దాను. ఫ్యాను వేశాను. నా పనికి నేనే మురిసిపోయి ఫోటో తీసి హాస్టల్ పిల్లలందరికీ పంపాను. పొడిగా, చల్లగా, చీకటిగా అని మూడు మాటలుంటే, నేను మొదటిది పట్టుకుని రెండోదాన్ని వదిలేశాను.

అది మే నెల. వేసవి వస్తే తప్ప టీవీలో మా ఊరి పేరు వినపడదు. ఎండలో మాదే పైచేయి అని వార్తల్లో చెప్పినప్పుడల్లా మా ఊరివాళ్ళు తిట్టుకుంటూనే కొంచెం మీసం మెలేస్తారు. అలాంటి ఊళ్ళో పుట్టి, కుండలో నీళ్ళు తప్ప ఏదీ చల్లగా ఉండదని తెలిసీ, నేను పచ్చి రబ్బరును రేకుల కింద పెట్టాను. కరెంటు ఉన్నంతసేపూ ఫ్యాను ఆ వేడిగాలినే ఇటు నుంచి అటు తోసింది. కరెంటు పోయినప్పుడు అదీ లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మా ఇంటి పక్కనుండే బాబాయి వచ్చాడు. నాకు సొంత బాబాయి కాదు, ఊరి వరస. ఆయనకు ట్రాక్టరు, నీళ్ళ ట్యాంకరు ఉన్నాయి. కాలవ అవతల ఒక పల్లెలో బోర్లు ఎండిపోయి, ఆ ఎండాకాలమంతా ఆయన ట్యాంకరే వాళ్ళకు దిక్కు. ట్యాంకరుకున్న రెండు టైర్లలో ఒకటి గుండు అయి, గుడ్డలా పలచబడింది.

"రేపు పొద్దుటికి కావాలమ్మాయ్. రేపు పోకపోతే ఆ పల్లెలో పిల్లలకు తాగను గూడా నీళ్ళుండవు" అన్నాడు.

"ఇస్తా బాబాయ్, నువ్వు నిశ్చింతగా పో" అన్నాను.

సాయంత్రం మేస్త్రి టైరు గీకి ఇచ్చాడు. నేను సొల్యూషన్ పూసి, గమ్ము చుట్ట తెచ్చి విప్పాను. మామూలుగా గమ్ము పరుస్తుంటే వేలికి అంటుకుని వదలదు, దాన్ని విడిపించుకోవడమే ఒక పని. ఆ రోజు అది బుద్ధిగా ఉంది. పరిస్తే పరుచుకుంది, తీస్తే వచ్చేసింది. నాకు అప్పుడే మనసులో ఒకటి కొట్టింది. ఇది దాచుకుని చెబితే ఈ రాత మొత్తం అబద్ధం అవుతుంది, కాబట్టి చెబుతున్నాను. ఏదో తేడా ఉందని నాకు తెలిసింది. కానీ బాబాయికి మాటిచ్చాను, అమ్మ రేపు వస్తుంది, ఆమె వచ్చేసరికి టైరు అయిపోయి ఉండాలి. సొల్యూషన్ ఇంకో పొర మందంగా పూసి, రోలరుతో గట్టిగా ఒత్తి, పట్టీ చుట్టి ఛాంబర్‌లో పెట్టేశాను. తీసినప్పుడు టైరు కొత్తదానిలా నిగనిగలాడింది.

మర్నాడు పొద్దున్నే బాబాయి వచ్చి టైరు చూసి, "మీయమ్మను మించిపోయావే" అన్నాడు. మా షాపు ముందే బిగించుకుని, తోటలో బోరు దగ్గర ట్యాంకరు నింపుకోవడానికి వెళ్ళిపోయాడు. నేను గాల్లో తేలాను.

పదిన్నర బస్సుకు అమ్మ దిగింది. చేతిలో సంచీ కింద పెట్టకముందే షాపంతా ఒక చూపు చూసి, "గమ్మేదే?" అంది.

నేను గొప్పగా రేకుల గది తలుపు తీశాను. లోపలి వేడి ముఖానికి కొట్టింది. అమ్మ లోపలికి వెళ్ళి, నిన్న నేను వాడిన చుట్ట నుంచి జానెడు ముక్క కోసి రెండు చేతులతో లాగింది. అది సాగింది. వదిలింది. టక్కున వెనక్కి పోయింది.

పచ్చిగమ్ము అలా పోదు. లాగితే సాగి, సాగినచోటే చచ్చినట్టు పడి ఉంటుంది. వెనక్కి పోయిందంటే అది ఉడికిపోయింది. ఛాంబర్ లేకుండా, ఆవిరి లేకుండా, రెంటచింతల ఎండకే దానిలోని గంధకం తన పని తాను చేసుకుపోయింది. ఆ క్షణాన నాకు ఒళ్ళు జలదరించింది, అది భయంతో కాదు, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆనందంతో. ఆ అమెరికా ఆయన పొయ్యి దగ్గర చూసింది నేను మా రేకుల గదిలో చూస్తున్నాను! "అమ్మా, చూశావా, ఉడికింది! దానంతటదే ఉడికింది!" అని అరిచాను.

"ఏ టైరుకేశావే దీన్ని?" అంది అమ్మ.

నా ఆనందం అక్కడే చచ్చింది. ఉడికిపోయిన గమ్ము దేన్నీ పట్టుకోదు. బాబాయి టైరు మీద కొత్త పట్టీ ఊరికే కూర్చుని ఉంది, అంతే. ట్యాంకరు నిండా నీళ్ళతో, మంటెక్కిన రోడ్డు మీద, అది ఊడి చక్రానికి చుట్టుకుంటే, కింద పలచటి గుండు టైరు పేలుతుంది. ఆ పల్లెకు పోయే దారి కాలవ కట్ట మీద. వేసవిలో కాలవలో నీళ్ళుండవు, అడుగున రాళ్ళుంటాయి.

అమ్మ వెంటనే బాబాయికి ఫోన్ చేసింది. రింగయింది. రింగు మా షాపులోనే, టైర్ల వెనక నుంచి వినిపించింది. టైరు బిగించుకునేటప్పుడు ఛార్జింగ్ పెట్టుకుని మర్చిపోయాడు.

స్కూటీ తీశాను. అమ్మ వెనక కూర్చుని, చీర చెంగు తల మీదుగా తిప్పి మూతికి కట్టుకుంది. పదకొండు దాటింది. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఎదురుగాలి చెంపల మీద కాల్చిన పెనంలా తగులుతోంది.

"నిన్న ఏసేటప్పుడు నీకు తెలవలేదా?" అని అడిగింది అమ్మ వెనక నుంచి.

నేను బండి వేగం పెంచాను. తర్వాత, "తెలిసిందమ్మా" అన్నాను.

అమ్మ తిట్టలేదు. నా భుజం మీద ఉన్న ఆమె చెయ్యి మాత్రం తీసేసి సీటు పట్టుకుంది. ఆ చెయ్యి తీసెయ్యడం నాకు ఇప్పటికీ గుర్తే.

బోరు దగ్గరికి వెళితే బాబాయి నింపుకుని వెళ్ళి అరగంట అయిందన్నారు. కాలవ కట్ట ఎక్కేసరికి దూరంగా ట్యాంకరు కనిపించింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఒక చప్పుడు. చక్రం తిరిగినప్పుడల్లా ఒకసారి, టప్ మని. పట్టీ అంచు లేచి రోడ్డును కొడుతోంది. ట్రాక్టరు మోతలో బాబాయికి అది వినపడదు. ట్రాక్టరు మడ్‌గార్డు మీద ఒక చీర రెపరెపలాడింది. పిన్ని. బాబాయి భార్య. ఆ పల్లె ఆమె పుట్టిల్లు, నీళ్ళ ట్యాంకరు పోతుందిగా అని చూసిపోదామని ఎక్కిందట. ఇద్దరున్నారు. బండి మీద బాబాయి ఒక్కడే ఉంటాడనుకున్నాను.

హారన్ మోగించాను. అదే పెద్ద తప్పు. మా దార్లలో వెనక నుంచి హారన్ కొడితే అర్థం ఒకటే, పక్కకు తప్పుకో అని. బాబాయి మర్యాదస్తుడు. తల తిప్పకుండానే చెయ్యి ఊపి, మాకు దారిస్తూ ట్రాక్టరును కట్ట అంచుకు తీశాడు. ట్యాంకరు ఎడమ చక్రం, నేను చేసిన టైరున్న చక్రం, అంచు మట్టి మీదికి పోయింది. నేను మళ్ళీ కొట్టాను, ఆయన ఇంకాస్త అంచుకు తీశాడు.

"హారను కొట్టమాకే!" అని అమ్మ నా చెయ్యి లాగేసి, కదిలే బండి మీద లేచి నిలబడినంత పని చేసింది. "చెల్లే! చెల్లే! ఆపమను! టైరు! టైరూ!"

ఆ గొంతు నేను జన్మలో వినలేదు. మడ్‌గార్డు మీది నుంచి పిన్ని తిరిగి చూసింది. అమ్మ చేత్తో చూపించిన చోటికి వంగి చూసి, మొగుడి వీపు మీద దబదబా బాదింది. ట్రాక్టరు ఆగింది.

చక్రం దగ్గర నలుగురం నిలబడ్డాం. పట్టీ నా నాలుగు వేళ్ళు దూరేంత లేచి ఉంది. అమ్మ దాన్ని పట్టుకుని లాగితే మూరెడు చడీచప్పుడు లేకుండా ఊడి వచ్చింది. గమ్ము ఎక్కడా చిరగలేదు, ఎక్కడా అంటుకున్న గుర్తు కూడా లేదు. పక్కనే కాలవ, అడుగున రాళ్ళు. పిన్ని ఒకసారి ఆ రాళ్ళను చూసింది, ఒకసారి మడ్‌గార్డును చూసింది.

"గమ్ము ఎండకు ఉడికిపోయింది బాబాయ్. రేకుల గదిలో పెట్టాను. వేసేటప్పుడే అనుమానం వచ్చింది. అయినా వేశాను" అన్నాను. అమ్మ చెబుతుందేమో అని చూశాను. ఆమె చెప్పలేదు. నేనే చెప్పాల్సింది.

బాబాయి చెమట తుడుచుకుని, "ముందు నీళ్ళు జనానికి పోనీండి" అన్నాడు. పిన్ని ఊరుకోలేదు.

"ఏమే, చదువుకున్నదానివి గదే! అనుమానమొస్తే ఆపాల గాని, పూసి ఏత్తావంటే! మా ఆయన మీ షాపు మాట నమ్మే గదా ఎక్కించుకుంది నన్ను!"

నాకు ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా అక్కడ తీరిక లేదు. ట్యాంకరు కదిలించే వీల్లేదు కాబట్టి పిన్ని నడిచి వెళ్ళి పల్లెవాళ్ళను పిలుచుకొచ్చింది. బిందెలు, బకెట్లు, డ్రమ్ములు తీసుకుని ఆడవాళ్ళంతా కట్ట మీదికి వచ్చారు. నేను కూడా బిందెలు మోశాను. చెప్పుల్లోంచి కాళ్ళు కాలాయి. ఎన్నోసారో మోస్తుండగా ఒక ముసలమ్మ, "ఎవరి పిల్లవమ్మా, ఇంత మంచిదానివి" అంది. ఆ మాట కన్నా గట్టిగా నన్నెవరూ కొట్టలేదు. ట్యాంకరు ఖాళీ అయ్యాక నడిచినంత మెల్లగా బాబాయి దాన్ని మా షాపుకు తెచ్చాడు.

రేకుల గదిలోని చుట్టలన్నీ పారేశాం. కొత్త గమ్ము గుంటూరు నుంచి బస్సులో వచ్చింది, నాన్న తన సీటు కింద పెట్టుకుని తెచ్చాడు. మట్టిమిద్దెలోనే పెట్టాం. నేనే కిటికీకి గోతాం కట్టి నీళ్ళు చల్లాను. అమ్మ ఆ టైరు గీకించి నా ముందు దొర్లించి, "చెయ్యి" అంది.

"నువ్వు చెయ్యమ్మా. మళ్ళీ చెడగొడతానేమో."

"అందుకే నెమ్మదిగా చెయ్యి" అని కుర్చీ తీసుకుని బయటికి వెళ్ళి, రోడ్డు వైపు ముఖం, షాపు వైపు వీపు పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి కూడా తిరగలేదు.

ఆ గమ్ము వేలికి అంటుకుని వదలనప్పుడు నాకు ప్రాణం లేచి వచ్చింది. విడిపించుకుంటుంటే నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. పచ్చిగా, జిగటగా, మొండిగా ఉంది. అడవి చెట్టు పాలో, ఫ్యాక్టరీ డ్రమ్ములో ఉడికిన గొలుసో, ఏదైతేనేం, దాని గుణం నా వేళ్ళకు అప్పుడు తెలిసింది. పుస్తకంలో చదివినప్పుడు ఇంత సంతోషం నాకు కలగలేదు. రోలరుతో ఒత్తుతూ అంచు అంచూ చూసుకున్నాను. అనుమానం వచ్చిన చోట ఆగాను, తీశాను, మళ్ళీ వేశాను. మేస్త్రి భోజనానికి వెళ్ళి వచ్చినా నేను అక్కడే ఉన్నాను.

మర్నాడు పొద్దున బాబాయి టైరు బిగించుకుని ట్యాంకరు నింపుకుని వచ్చాడు. పిన్ని కూడా వచ్చింది, చేతిలో పుట్టింటికి మామిడికాయల సంచీ. అమ్మ మళ్ళీ ఆ కుర్చీలోనే, అలాగే వీపు పెట్టి కూర్చుని ఉంది.

పిన్ని చక్రం దగ్గర వంగి పట్టీ అంచును గోటితో గీకింది, కాలితో తన్నింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎవరేశారు?"

"నేనే పిన్నీ."

"మీయమ్మ చూసిందా?"

చూసిందని చెబితే ఆమె నమ్మేది. ఎక్కేది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది.

"లేదు పిన్నీ. చూడలేదు. నేనొక్కదాన్నే వేశాను."

పిన్ని అమ్మ వీపు వంక చూసింది. నా వంక చూసింది. సంచీ బాబాయికి అందించి, చీర ఎగదోపుకుని, మడ్‌గార్డు మీదికి ఎక్కి కూర్చుంది.

"పోనీయ్" అంది మొగుడితో.

ట్రాక్టరు కాలవ వైపు మలుపు తిరిగాక అమ్మ లేచి కుర్చీని షాపు వైపు తిప్పుకుని కూర్చుంది.

"ఆ లారీ టైరు తియ్యి, ఇప్పుడు చూత్తా ఎట్టా ఏత్తావో" అంది.